స్పీకరు పక్కన జాగా

మా మనుమరాలు శ్రావణి పట్నంల నౌకరి చేస్తది. నెలకోపాలి నకిరేకల్ వస్తది. మమ్ములను చూసేటందుకు వస్తున్న అంటది గని, సంచి నిండ మాసిన బట్టలు చూస్తే నాకు సంగతి ఎరుకైతది. పోయిన చలికాలం ఒక ఆదివారం నేను వాకిట్ల కందిపప్పు చెరుగుతాంటె పక్కన వచ్చి కూసొని, ఫోను నా ముక్కు ముందట పెట్టింది. "అవ్వా, వీళ్లెవరో చెప్పు చూద్దాం" అన్నది. అద్దాలు పెట్టుకొని చూసిన. నెత్తి తెల్లగైన ముసలాయన ఒకరు, కాటుక పెట్టుకున్న ముసలామె ఒకరు, వీపుకు వీపు ఆనిచ్చి నిలబడ్డరు. మొకాలు పోల్చుకోలేకపోయిన. కింద పేర్లు చదివిన. చంద్రహాస్, కుముదిని. చేతుల చేట చేతులనే ఆగిపోయింది.

ఈ కాలం పోరగాండ్లకు ఆ పేర్లు తెలువయి. వాళ్లు సిన్మాలకు పాడినోళ్లు కాదు. గిటారు, డ్రమ్ములు పెట్టుకొని సొంతంగ పాటలు కట్టి క్యాసెట్లు తెచ్చినోళ్లు. మా వయసు ఆడపిల్లలు గా పాటలకు పడి సచ్చినరు. తర్వాత ఏమైందో ఏమో ఇద్దరికి చెడ్డది. జనం తలా ఒక మాట అన్నరు. ఎవరి క్యాసెట్టు వాళ్లదైంది, ఎవరి తొవ్వ వాళ్లదైంది. నా కొడుకు పుట్టి, పెరిగి, వానికి పిల్లలైనంక గూడ ఆ ఇద్దరు ఒక్క స్టేజీ ఎక్కింది లేదు. గిప్పుడు ముసలితనంల కలిసినరట. వరంగల్, కరీంనగర్, ఇంకేవో ఊర్లు తిరిగి పాడి, ఆఖరికి పట్నంల పెద్ద స్టేడియంల పాడుతరట.

"పోదామా అవ్వా? టికెట్లు నేను తీస్త" అన్నది పిల్ల.

"నీకు పైసలు ఎక్కువైనయా? గా పాటలన్ని నీ ఫోన్ల ఉత్తగనే వస్తయి గదనే."

"ఫోన్ల వినుడు గూడ వినుడేనా! అక్కడ సౌండు ఎట్లుంటదో నీకెరుకనా? గుండెకాయ అదురుతది. పోయినపాలి ఒక ప్రోగ్రాంకు పోతే తెల్లారి దాక నా చెవులు గుయ్యిమన్నయి."

పైసలిచ్చి చెవులు పాడుచేసుకునే తెలివి ఎవలు నేర్పిన్రే నీకు అని నోటిదాక వచ్చింది. నేను గట్టి మనిషిని. నేను ఇంట్లకు వస్తే నా కోడలు టీవీ సౌండు తగ్గిస్తది, వాడకుండ ఎలిగే లైటు దానంతట అదే ఆరిపోతదని మా ఆయన నవ్వేటోడు. గని ఆ తిట్టు నోట్లనే ఉండిపోయింది. పోచంపల్లిల ఉన్న మా అక్క మతిల మెదిలింది.

"ఎంత మోత ఉంటదే?" అని అడిగిన.

"పక్కనున్నోడు ఒర్రినా వినపడది."

"వినపడనోళ్లకు వినపడుతదా మరి?"

శ్రావణి ఫోను పక్కన పెట్టి నన్ను చూసింది. "పెద్దవ్వ కోసమా?" అన్నది. నేను పప్పు చెరుగుకుంట, "ఆ స్పీకరు డబ్బాలు ఎక్కడుంటయో, వాటి పక్కన జాగా దొరుకుతదేమో చూడు" అన్న.

మా అక్క పేరు సత్తెమ్మ. తెలంగాణ వచ్చినంక పోచంపల్లి వేరే జిల్లల పడ్డది గని, నా నోట్లె ఇప్పటికి నల్లగొండ జిల్లనే వస్తది. మా బాపుకు మేమిద్దరం ఆడపిల్లలమే. అందుకని అక్కకు ఇల్లరికం తెచ్చి ఇంట్లనే ఉంచుకున్నరు, నన్ను నకిరేకల్ ఇచ్చినరు. అక్కకు కొన్నేండ్ల సంది చెవులు వినపడుతలేవు. మొదలు ఒకటి పోయింది, ఎనుకనే రెండోది. దవాఖానల డాక్టరు, నరం ఎండిపోయింది, ఇగ మందు లేదన్నడు. క్యాంపుల ఒక మిషిని ఇచ్చిన్రు. అది చెవుల పెట్టుకుంటే కుయ్యికుయ్యిమంటదని, పుస్తెలతాడు పెట్టుకునే డబ్బిల పెట్టి మూసింది. నేను పోయినప్పుడల్ల ఒర్రి ఒర్రి మాట్లాడుత. నా ముచ్చట అక్కకు సగం వినపడుతది, వాడకట్టుకు మొత్తం వినపడుతది.

చెవులు పోవుడు ముసలోళ్లందరికి ఉన్నదే. అయితే మా ఇల్లు ఒకప్పుడు అక్క చెవుల మీదనే నడిచింది. ఇది రాయకపోతే నా బాధ ఎవలకు అర్థం కాదు.

మాది మగ్గాల ఇల్లు. పొద్దున లేస్తే ముందు గంజి వాసన, తర్వాత రంగు వాసన, ఆ రెండింటి నడుమ అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన. ముందటి అర్రల గుంట మగ్గం మీద బాపు, పక్క అర్రల మేమిద్దరం. బాపు కూసుంటే లేసేటోడు కాదు. నీళ్లు కావాల్నంటే మగ్గం పలకను గోరుతోని గొట్టేటోడు, నోరు విప్పేటోడు కాదు. మాట్లాడితే పోగు తెగుతదని ఆయన నమ్మకం. అమ్మ దానికి ఎదురు. ఆమె నోరు ఆగితే ఇంట్ల ఏదో అయిందని లెక్క. అసలు పని ఆసు పోసుడు. అర్ధచందమామ లెక్క మేకులు కొట్టిన చెక్క ముందట కూసొని, పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు వేసుకుంట పోవాలె. చెయ్యి పొద్దంత ఊగుతనే ఉండాలె. పోసిన నూలుకు బాపు సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగిచ్చి కట్టేటోడు. ఆ నూలును రంగుల ముంచితే కట్టిన కాడ తెల్లగ ఉంటది, కట్టనికాడ రంగు పడుతది. చీర మీది పువ్వు, ఏనుగు, చిలుక అన్ని అట్ల పుట్టినయే. అమ్మ భుజం పట్టేసిన ఏడు ఆసు నా మీద పడ్డది. మూడో తరగతిల ఉంటి. బడి గక్కడనే ఆగింది.

మా చిన్నాయిన భివండిల పవర్లూములల్ల పనికి పోయేటోడు. ఒకపాలి వస్తు వస్తు టేపురికార్డు తెచ్చిండు, దాంట్ల ఒక క్యాసెట్టు. గదే చంద్రహాస్, కుముదినిలది. చిన్నాయిన మల్ల పోయిండు, టేపు మాకు విడిచిపెట్టిండు. రెండో క్యాసెట్టు కొనాలని ఎవ్వలకు తోచలే. ఉన్నదాన్ని ఇటు తిప్పి అటు తిప్పి విన్నం, కొన్నేండ్లు విన్నం. మొదమొదట బాపు, "ఏందీ కూతలు" అన్నడు. కొన్ని దినాలకు ఆ కూతలే ఆయన పనికి ఒచ్చినయి. రంగుల నూలు ఎంతసేపు ఉండాల్నో చూసుకునుడు కష్టం. గోడకు గడియారం ఉండె గని, గడియారం దిక్కు చూస్తే చేతులు ఆగుతయి. పాటైతే చేతులు ఆడుతనే ఉంటయి, చెవులు చూసుకుంటయి. అందుకని బాపు పాట లెక్క పెట్టుకున్నడు. ఎరుపుకు చంద్రహాస్ ఒక్కడే పాడే నెమ్మది పాట. నలుపుకు ఆ ఇద్దరు కలిసి పాడే జోడిపాట, దాని ఎనుకనే హుషారు పాట. ఆ పాట ఒడిసిందంటే నూలు పైకి తియ్యాలె. మా వాడకట్టుల ఇంకెవ్వలింట్ల గిట్ల రంగు వేసినట్టు నేను వినలే.

ఒక ఎండకాలం కరెంటు లేదు. టేపుల సెల్లు వేసి నడిపిస్తున్నరు. బాపు రంగు కాగు ముందట కట్టెతోని నూలు తిప్పుకుంట నిలబడ్డడు, మేము లోపట ఆసు పోస్తున్నం. పాట నడుమల అక్క చెయ్యి ఆగింది.

"బాపూ, నూలు తియ్యి!" అని లోపటి నుంచే ఒర్రింది.

"పాట ఒడువలే గదనే."

"ఒడువదు బాపూ. సెల్లు చచ్చిపోతున్నయి. పాట మెల్లగైంది. గాయన గొంతు చూడు, జలుబు చేసిన దున్నపోతు గొంతు లెక్కైంది."

"గాయన పాట, గాయన ఇష్టం. నువ్వు ఆసు పొయ్యి" అన్నడు బాపు.

నాకైతే పాట ఎప్పటి లెక్కనే వినపడ్డది. అమ్మకు గూడ అంతే. పాట సాగి సాగి ఒడిసినంక బాపు నూలు తీసి ఎండల పట్టి చూసిండు. ఎర్రగ రావాల్సిన నూలు వంకాయ రంగు వచ్చింది. చీరల తక్కిన నూలంత ఎర్రది, దీన్ని దాంతోని కలిపేది లేదు. బాపు పోయి అరుగు మీద కూసున్నడు. అమ్మ నీళ్ల చెంబు ఆయన ముందట పెట్టి, "పాట మాత్రం మంచిగ పాడిండు పాపం" అన్నది. ఆ నూలుతోని బాపు తనకే లుంగి నేసుకున్నడు. అది చినిగిపోయేదాక కట్టిండు. కల్లు కాడ ఎవలన్న "గిదేం రంగు మామా" అంటే, "మా పెద్దబిడ్డ మాట వినని రంగు" అనేటోడు. గా దినం సంది నూలు తీసే ముందు బాపు లోపటికి మొకం పెట్టి, "సత్తీ, అయిందా?" అని అడిగేటోడు. అక్క అయింది అంటేనే తీసేటోడు. మగ్గం మీద ఒక్క పోగు తెగినా ఆమెకే ముందు తెలిసేది, పలక చప్పుడు మారిందనేది. సందుల నడిచివచ్చేది ఎవలో చెప్పుల చప్పుడును బట్టి చెప్పేది. వడ్డీకి ఇచ్చే మనిషి వస్తే అక్క చెప్పంగనే బాపు పెరట్లకు పోయేటోడు.

నాకు ఆమె చేసింది ఇంక పెద్దది. జోడిపాట పాడుకుంట ఆసు పోసేటోళ్లం ఇద్దరం. అక్కది బరువు గొంతు, అందుకని ఆమె చంద్రహాస్. నేను కుముదినిని. ఆ పాటల పెద్ద పెద్ద మాటలు నా నాలుకకు తిరిగేటివి కావు, ఇక్కడిది అక్కడ పాడేదాన్ని. బడి ఇడిసినంక అక్షరాలు గూడ మరిచిపోతి. అక్క అయిదు దాక చదివింది. ఒకనాడు సుద్దముక్క తెచ్చి, ఆసు ఎదురుంగ గోడ మీద నా చరణం పెద్ద అక్షరాలతోని రాసింది. "నా దిక్కు చూడకు, గోడ దిక్కు చూడు" అన్నది. చేతులు ఖాళీ లేవు, వేలు పెట్టి చదివేటట్టు లేదు. కండ్లతోనే ఒక్కొక్క అక్షరం పట్టుకొని పాడిన. అది వచ్చినంక తుడిచి ఇంకొకటి రాసింది. క్యాసెట్టుల పాటలన్ని అయినంక బాపు తిట్లు రాసింది, అమ్మ కూర రుచులు రాసింది, పక్కింటి పిల్లగాడు నన్ను చూస్తున్నడని రాసింది. దసరకు అమ్మ సున్నం వేసేటప్పుడు గోడ నిండ ఉన్న రాతలు చూసి, "దీనికన్న బడికి పోతే నయముండు గదే" అని కండ్లు ఒత్తుకున్నది. నేను ఇయ్యాల బస్సు బోర్డు చదువుతున్న, మందు సీస చదువుతున్న, నా చేతితోని ఇది రాస్తున్నంటే ఏ పంతులు పుణ్యం కాదు, మా అక్క పుణ్యం.

అందుకే నా ఆశ ఒక్కటే. నాకు పాట చెప్పిన మనిషికి, ఆ ఇద్దరి పాట ఇంకొక్కసారి చెవుల పడాలె. ఆ ఇద్దరికి గూడ ఏండ్లు మీద పడ్డయి, మల్ల పాడుతరని ఏం లెక్క ఉన్నది?

పోచంపల్లి పోయి సంగతి చెప్పితే అక్క ఎంటనే ఒద్దన్నది. "నాకు వినపడదని నీకు ఎరుక లేదా? పెండ్లిళ్లకు పోయి నలుగుట్ల నవ్వుమొకం పెట్టుకొని కూసునుడు సాలదా? ఇగ పట్నం దాక పోయి నవ్వాల్నా?" అన్నది. నేను చెవు కాడ నోరు పెట్టి ఒర్రిన: "వినపడకపోతే నన్ను తిట్టు! నీకు వినపడకున్నా నాకు వినపడుతది!" ఎదురింటి పిల్ల తలుపుల నిలబడి నవ్వింది. అక్క గూడ నవ్వింది. పెట్టెల నుంచి చీర తీసింది.

స్టేడియం గేటు కాడ బ్యాగులు చూసే ఆడపిల్ల మా టిఫిను పట్టుకున్నది. "అమ్మా, తినేటివి లోపటికి తీస్కపోవద్దు, గీ డబ్బాల వేసి పోవాలె" అన్నది. రొట్టె, పుంటికూర తొక్కు కట్టుకొచ్చిన నేను. పారేయాల్నట! "అయితే ఇక్కడ్నే తింటం బిడ్డా" అని గోడకు ఆనుకొని కూసున్నం. శ్రావణి సిగ్గుతోని మొకం అటు తిప్పింది. మేము తిని, ఒక రొట్టె ఆ పిల్లకు గూడ పెట్టినం. పొద్దట్నుంచి నిలబడే ఉన్నదట, గబగబ తిన్నది. "మంచిగున్నదవ్వా" అని మమ్ములను వరుసల కాకుండ పక్క తొవ్వ నుంచి పంపింది.

మా జాగా స్పీకర్లను ఆనుకొని ఉన్నది. తాటిచెట్టు అంత ఎత్తుల నల్ల డబ్బాలు ఒకదాని కింద ఒకటి ఏలాడుతున్నయి. అక్కడ కూసునేటందుకు ఎవలు ఇష్టపడనట్టున్నది, మా చుట్టు కుర్చీలు ఖాళీ. ఒక పిల్లగాడు వచ్చి, "అమ్మా, ఇక్కడ మీకు తిప్పలైతది, ఎనుకకు రాండ్రి" అన్నడు. "కావాల్ననే తీసుకున్నమన్నా" అన్నది శ్రావణి. నా చెవులల్ల, తన చెవులల్ల దూది పెట్టింది. అక్క చెవులల్ల పెట్టలే.

మొదలుపెట్టిన్రు. నేను కూసున్న కుర్చీ వణికింది. దూది పెట్టుకున్నా పండ్లు జిల్లుమన్నయి. ముసలాయన, ముసలామె చెరొక దిక్కు నుంచి నడుచుకుంట వచ్చి నడుమల కలిసిన్రు, జనం లేసి నిలబడ్డరు. నేను వాళ్ల దిక్కు చూడలే, అక్క మొకం దిక్కే చూసిన. ఆ మొకంల ఏం లేదు. అందరు చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది, అందరు నవ్వితే తనూ నవ్వింది. పెండ్లిళ్లల్ల పెట్టుకునే నవ్వే అది. పాట ఒడిసినంక నా దిక్కు వంగి, "ఛాతిల దబదబ కొడుతాంది గని పాట లేదే" అన్నది. ఇంకో పాట అయింది. ఇంకోటి గూడ అయింది. అక్క పైట కొంగు చేతుల పట్టుకొని ముడి వేసుడు, విప్పుడు, వేసుడు, విప్పుడు. ఉన్న ఒక్క మర్యాదను గూడ తీసినట్టు చేసిన్నా, ఇంత మంది నడుమ తీసుకొచ్చి ఏమి లేనిదాన్ని చేసిన్నా అని మనసుల పడ్డది. శ్రావణి నా చెయ్యి పట్టుకున్నది, పోదామా అన్నట్టు.

అప్పుడు స్టేజి మీద రెండు కుర్చీలు వేసిన్రు. ఇద్దరు కూసున్నరు. డ్రమ్ములు ఆగినయి, గిటారు ఒక్కటి మెల్లగ మోగింది. చంద్రహాస్ గొంతు ఎత్తిండు, మోత అడ్డం లేక ఆ డబ్బాల నిండ గొంతు ఒక్కటే వచ్చింది. మా జోడిపాట. నాకు పాణం లేసి వచ్చింది. చెవుల దూది పీకి శ్రావణి దిక్కు తిరిగి, "గిదేనే, గీ పాటకే మేము ఆసు పోసేటోళ్లం, గిప్పుడు వచ్చేది నా చరణం, మీ పెద్దవ్వ గోడ మీద..." అని చెప్పుకుంటనే ఉన్న. తొడ మీద ఫెడేలున దెబ్బ పడ్డది.

"ఊకోవేందే! జర విననియ్యి!" అన్నది అక్క.

నా దిక్కు చూడకనే అన్నది. కండ్లు మూసుకున్నది. తల అటు తిప్పి, చెవు ఆ నల్లడబ్బా దిక్కు పెట్టింది. మా ఇంట్ల ఇన్నేండ్ల సంది అందరం ఆమె చెవుల ఒర్రినోళ్లమే. ఎవల మాటనైనా ఆమె ఆగుమన్నది ఇదే మొదలు. కోడండ్లను, మనుమండ్లను ఊకోబెట్టిన నోరు నాది, ఆ నోరు మూసుకున్న. శ్రావణి కండ్లు తుడుచుకుంటాంది. నాకు తొడ మంట పెడుతాంది. అంత మంచి దెబ్బ నేను నా బతుకుల తినలే.

గా రాత్రి పోచంపల్లిలనే పండుకున్నం. తెల్లారి అక్క చాయ పెట్టింది. మల్ల ఎప్పటి లెక్కనే, నేను పిలిస్తే పలుకలే. చాయపత్తి ఎక్కడున్నదని ఒర్రితే చక్కెర డబ్బా అందిచ్చింది. నేను అరుగు మీద కూసొని అనుకున్న. గప్పుడు ఇంట్ల ఒక్క క్యాసెట్టు, చుట్టు మేము. గిప్పుడు శ్రావణి ఫోన్ల లోకంల పాటలన్ని ఉన్నయి, ఒక్కదాన్ని నిండ వినదు, నడుమలనే మార్చుతది. గట్లని నేను ఈ కాలాన్ని తిట్టను. ఆ పెద్ద డబ్బాలు కట్టి ఏలాడదీసినోళ్లు, టికెట్టు తీసిన నా మనుమరాలు, పక్క తొవ్వ చూపిచ్చిన పిల్ల, ముసలితనంల పంతాలు పక్కన పెట్టి కలిసిన ఆ ఇద్దరు, వీళ్లల్ల ఏ ఒక్కరు లేకున్నా మా అక్కకు ఆ పాట దక్కకపోయేది. అందరికి దండం పెట్టుకున్న మనసుల.

అక్క చాయ గిలాస నా చేతుల పెట్టి పక్కన కూసున్నది. వినపడనోళ్లకు తమ గొంతు ఎంతున్నదో తెలువది, వాడకట్టంతా లేసేటట్టు మాట్లాడింది.

"గాయనకు ఊపిరి సాలుతలేదే. రెండో చరణంల అందుకోలేకపోయిండు. ఆమె తన మాటను ఇడువకుండ పట్టుకొని, ఆయనకు దమ్ము వచ్చేదాక ఆగింది. ఎవలకు తెలువకుండ ఆగింది. విన్నవా?"

నేను వినలే. తల అడ్డంగ ఊపిన.

"మరేం విన్నవే నువ్వు?" అన్నది అక్క, నా గిలాసల ఇంకింత చాయ పోసుకుంట.